ఏడు కాళ్ల దండు

లోహిత్ నెయోగ్‌కి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. భగవంతుడు ఈ లోకాన్నంతా ఒక్క చూపులో చూస్తాడా, లేక మనలాగే ముక్క ముక్కా చూసుకుంటూ వెళ్లి ఆ తర్వాత మనసులో అతుక్కుంటాడా? ముక్కలుగా చూస్తే మధ్యలో ఏదో ఒకటి కంటికి అందకుండా జారిపోదా? ఓసారి ధైర్యం చేసి, ఊరి ప్రార్థనాగృహం అయిన నామ్‌ఘర్‌లో భజన అయ్యాక పెద్దాయన్ని అడిగాడు. ఆయన నానబెట్టిన శనగల ప్రసాదం అతని దోసిట్లో పోసి, "ముందు ఇది తిను నెయోగ్, పాచిపోతాయి" అన్నాడు. లోహిత్ తిన్నాడు. శనగలు అరిగాయి గానీ సందేహం అరగలేదు.

లోహిత్ బొగీజురి టీ తోటలో లేబొరేటరీ సహాయకుడు. లేబొరేటరీ అంటే ఫ్యాక్టరీ పక్కనున్న రెండు గదులు, ఒక మంచి మైక్రోస్కోపు, ఒక ముసలి కంప్యూటరు. ఆ రోజు పొద్దున అతనికి ఒప్పజెప్పిన పని చాలా తేలికైంది. తొమ్మిదో నంబరు మడికి వెళ్లి మచ్చలేని ముదురాకు ఒకటి కోసుకురావాలి. మూడేళ్లుగా ఆ మడికి పురుగుమందు చుక్క కూడా తగలలేదు. ఎల్లుండి విదేశం నుంచి టీ కొనేవాళ్లు వచ్చి ఆ మడినే చూస్తారు. వాళ్లు ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే, ఆకు వాడబెట్టే షెడ్డు గోడ మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే ఒక్క ఆకు బొమ్మ కనిపించాలని మేనేజరు బర్కాకతి కోరిక.

"అంత బొమ్మ ఒకే ఫోటోలో రాదు ఖురా," అంది లేబొరేటరీ అధికారి నిజరా ఫుకన్. ఆమె పెద్ద చదువులు చదివిన పిల్ల. లోహిత్‌ని బాబాయి వరసపెట్టి ఖురా అనే పిలుస్తుంది. "ఒకే ఫోటో తీసి పెంచితే పచ్చటి మసక మిగుల్తుంది. అదే మైక్రోస్కోపు కింద చిన్న చిన్న ముక్కలుగా తీసి కుడితే, గోడంత పెంచినా ఆకు మీది నూగు కూడా లెక్కపెట్టొచ్చు."

"ఎన్ని ముక్కలు బైదేవ్?"

"మూడు వందల పైనే. ప్రతి ముక్కలో పక్క ముక్క అంచు కాస్త రావాలి. ఆ అంచులో ఈనెలు కలిసేది చూసుకుని కంప్యూటరే కుట్టేస్తుంది. మీ ఇంట్లో బొంతకి గుడ్డ మీద గుడ్డ కొంచెం ఎక్కించి కుడతారే, అలా."

వయసులో చిన్నదైనా చదువులో పెద్దది కాబట్టి లోహిత్ ఆమెని అక్కగారన్నట్టు బైదేవ్ అంటాడు. సరే అని వెళ్లి ఆకు కోశాడు. వచ్చేదారిలో ఇల్లు తగిలింది కాబట్టి ఒక గుక్క టీ తాగాడు. లేబొరేటరీకి వచ్చి ఆకు కాడకి తడి దూది చుట్టి, మైక్రోస్కోపు పళ్లెం మీద పరిచి, దీపం వేశాడు.

"గొట్టంలో కళ్లు పెట్టొద్దు, తల తగిలితే బొమ్మ అదురుతుంది," అంది నిజరా. "పళ్లెం జరిపే ఈ మర ఒక గీత తిప్పండి, అదురు తగ్గేదాకా ఆగండి, మీట నొక్కండి. మళ్లీ తిప్పండి. అంతే."

"ఎంతసేపు ఆగాలి?"

"స్థిమితపడేదాకా."

స్థిమితపడటానికి లోహిత్‌కి తెలిసిన కొలత ఒకటే. మర తిప్పి, "రామ, కృష్ణ, నారాయణ, హరి" అని నిదానంగా నాలుగు నామాలు అనుకుని, అప్పుడు నొక్కాడు. ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకి, నాగలి తిరిగినట్టు. దీపం వేడికి వేళ్లు చెమర్చాయి. ఇంత భక్తిగా ఆఫీసు పని చేసే అదృష్టం ఎవరికి దొరుకుతుందని లోపల్లోపల సంతోషించాడు. మధ్యాహ్నానికి ఆకు అయిపోయింది. ఆకు వాడిపోకుండా పళ్లెంతో సహా గాజుగిన్నె కింద బోర్లించి ఇంటికెళ్లాడు.

కంప్యూటరు సాయంత్రానికి అన్నీ కుట్టేసింది. కుట్టిందే గానీ, కుట్టినదాన్ని తెరిచి చూపించడం దానికి చేతకాలేదు. తెరవబోయినప్పుడల్లా గుండె ఆగినట్టు ఆగిపోయింది. తపాలా బిళ్లంత బొమ్మ మాత్రం చూపించింది. అందులో ఆకు ఆకులాగే ఉంది. జోర్హాట్‌లో ఫ్లెక్సు కొట్టు మూసేస్తారని నిజరా దాన్ని అలాగే పంపించేసింది.

మర్నాడు పొద్దున ఫ్లెక్సు వచ్చింది. షెడ్డు కప్పు మీంచి ఇద్దరు మనుషులు చుట్ట విప్పారు. గలగలమంటూ కిందికి దిగింది ఆకు. ఈనెలు రాజమార్గాల్లా, అంచు రంపం పళ్లలా, పచ్చగా నిగనిగలాడుతూ దిగింది. మేనేజరు బర్కాకతి చేతులు కట్టుకుని గర్వంగా చూశాడు. ఆయన పక్కన పెద్ద గుమస్తా హరిపద సేన్‌గుప్త గొడుగు మీద ఆనుకుని నిలబడ్డాడు. తోటంతా ఆయన్ని బొర్‌బాబు అంటుంది. ఒకరిని అనుమానించడానికి ఆయనకి కారణం అక్కర్లేదు. కారణమే ఉంటే అది అనుమానం ఎందుకవుతుంది, నేరమే అవుతుంది కదా అంటాడు.

"బాగుంది," అన్నాడు మేనేజరు. "ఆ ఎర్ర పూలెందుకు వేశాడు?"

"ఎర్ర పూలా సార్?" అంది నిజరా.

"అదుగో, ఆకంతా చల్లాడు కదా. పెళ్లి ఫ్లెక్సు అనుకున్నాడా కొట్టువాడు?"

నిజరా దగ్గరికెళ్లింది. ఇంకొంచెం దగ్గరికెళ్లింది. వెనక్కి తిరిగేసరికి ఆమె మొహంలో నెత్తురు లేదు.

"పూలు కావు సార్. ఎర్రనల్లి."

ఉసిరికాయంతేసి ఒళ్లు, ఒంటినిండా వెంట్రుకలు, రెండు ఎర్ర కళ్లు. ఆ చివర నుంచి ఈ చివర దాకా వరసలు వరసలుగా ఆకు మీద కవాతు చేస్తున్నాయి. ఎర్రనల్లి అంటే ఆకు రసం పీల్చే, కంటికి ఆనీ ఆనని సాలీడు జాతి పురుగు. టీ తోటవాళ్లకి దాని పేరు చెబితే చాలు, తిన్నది వంటికి పట్టదు. ఒకటి కనిపించిందంటే మడంతా ఉందని లెక్క. మడంతా ఉంటే మందు కొట్టాలి. మందు కొడితే మూడేళ్ల తపస్సూ గంగలో కలిసినట్టే.

బొర్‌బాబు గొడుగు మొనతో ఒక్కొక్కదాన్నీ పొడుస్తూ లెక్కపెట్టుకుంటూ పోయాడు. "అరవై మూడు సార్. సగాలు కాక."

"సగాలేంటి?"

"ఇదుగో, ఇక్కడ తలుంది, ఒళ్లు లేదు. ఇక్కడ ఒళ్లుంది, తల లేదు." బొర్‌బాబు గొంతు తగ్గించాడు. "ఒకదాన్నొకటి పీక్కుతింటున్నాయి సార్. మామూలు జాతి కాదు."

ఆ మాట విని నిజరా మళ్లీ దగ్గరికెళ్లింది. ఈసారి వేలితో కాళ్లు లెక్కపెట్టింది. పక్కదానివి లెక్కపెట్టింది. నిచ్చెన ఎక్కి పైవరుసలోవి కూడా లెక్కపెట్టింది.

"సార్, నల్లికి ఎనిమిది కాళ్లుండాలి."

"అయితే?"

"వీటికి ఏడే ఉన్నాయి. ఎడమవైపు ముందుకాలు లేదు. ఒక్కదానికి కాదు, అన్నిటికీ లేదు!" ఆమె గొంతులో భయమూ ఉంది, భయం వెనక కొంచెం ఉత్సాహమూ ఉంది. "పుట్టుకతోనే ఇలా ఉన్నాయంటే కొత్త రకం కావచ్చు సార్. ఎక్కడా నమోదై ఉండదు."

"పుట్టడానికి దానికి నా తోటే దొరికిందా?" అన్నాడు బర్కాకతి. కాసేపు ఆలోచించాడు. ఆలోచన ముదిరేకొద్దీ ఆయన చూపు తూర్పువైపు తిరిగింది. తూర్పున కంచె అవతల కోలియాని తోట ఉంది. కొనేవాళ్లు ఇక్కడ కొనకపోతే అక్కడ కొంటారు. ఆయన అక్కడికక్కడే కోలియాని మేనేజరుకి ఫోను చేశాడు.

"మీ తోటలో నల్లులకి ఎన్ని కాళ్లు?"

అవతల్నుంచి ఎదురు ప్రశ్న వచ్చింది. "పొద్దున్నే ఏం తాగారండీ?"

"టీ!"

"మీ తోటదేనా? అయితే తాగడం మానేయండి."

"పరిహాసాలొద్దు. ఏడు కాళ్ల నల్లిని పెంచి మా మీదికి తోలింది మీరేనని రుజువైతే ఊరుకునేది లేదు!" అని ఫోను పెట్టేశాడు.

"పరాయివాళ్లదాకా ఎందుకు సార్," అన్నాడు బొర్‌బాబు మెల్లగా. "ఆకు కోసిందెవరు?"

అందరూ లోహిత్ వైపు తిరిగారు. నిచ్చెన దించుతున్నవాళ్లు కూడా నిచ్చెన మధ్యలో వదిలేసి తిరిగారు.

"నేనే," అన్నాడు లోహిత్.

"తిన్నగా లేబొరేటరీకే తెచ్చారా నెయోగ్ బాబూ?"

లోహిత్‌కి అబద్ధం చెప్పడం రాదు. నామ్‌ఘర్‌కి వెళ్లే మనిషి కాబట్టి చెప్పకూడదని ఒకటి, చెబితే మొహం మీద కనిపిస్తుందని ఇంకొకటి.

"మధ్యలో ఇంటి దగ్గర ఆగాను. టీ తాగడానికి."

"టీ తాగుతుంటే ఆకు ఎక్కడుంది?"

"కిటికీ గూట్లో పెట్టాను."

"కిటికీ అవతల ఏముంది?"

 దానికి జవాబు కూడా బొర్‌బాబే చెప్పాడు. "కిటికీ అవతల ఈయన భార్య పెంచుకునే టీ మొక్కలున్నాయి సార్. ఇంటి వెనకంతా టీ మొక్కలే. ఆవిడ ఆకు చేత్తో నలిపి పొడి చేస్తుంది. నామ్‌ఘర్‌లో అందరికీ అదే పోస్తారు. మన టీ తాగరు."

ఆ చివరి మాట మేనేజరుకి ఎక్కడో గుచ్చుకుంది. తోట జీతం తింటూ తోట టీ తాగని మనుషులుంటారని ఆయన అప్పటిదాకా అనుకోలేదు.

"స్టాఫు ఇళ్ల దగ్గరున్న టీ మొక్కలన్నీ సాయంత్రంలోపు వేళ్లతో సహా పీకించేయండి," అన్నాడు. "ఒక్కటి కూడా మిగలకూడదు. రేపు తొమ్మిదో నంబరుకి మందు కొట్టాలో వద్దో తర్వాత ఆలోచిద్దాం."

లోహిత్ నిజరా వైపు చూశాడు. ఒక్కమాట అంటుందేమోనని చూశాడు. నిజరా తల వంచుకుని తన సంచీలో ఏదో వెతుక్కుంటోంది. లోహిత్‌కి ఆ వంచుకోవడం నచ్చలేదు. లేబొరేటరీ అల్మరాలో నల్లులు వేసి ఉంచిన సీసా ఒకటుంది. అల్మరా తాళం ఆమె దగ్గరే ఉంటుంది. కొత్త రకం అనగానే ఆ కళ్లు ఎలా మెరిశాయో అతను చూశాడు. ఛ, ఆ పిల్ల అలాంటిది కాదు అనుకున్నాడు. అనుకుంటూనే, అలాంటిది కాదని నాకెలా తెలుసు అని కూడా అనుకున్నాడు. అనుమానం బొర్‌బాబు గొడుగు మొన నుంచి తనకి ఎప్పుడు అంటుకుందో అతనికి తెలియలేదు.

ఇంటికి వెళ్లేసరికి వార్త అతనికంటే ముందే వెళ్లింది. అతని భార్య లాబణ్య వెనక గుమ్మంలో, చీర చెంగు బొడ్లో దోపుకుని, తన మొక్కలకి అడ్డంగా నిలబడి ఉంది. పెళ్లైన కొత్తలో తోటవాళ్లు పారేసిన మొలకలు ఏరుకొచ్చి నాటుకున్న మొక్కలవి. లోహిత్ ఎప్పుడు ఇంట్లో కాస్త గట్టిగా మాట్లాడినా ఆమె వెళ్లి వాటి మధ్య కూర్చునేది. ఆ మొక్కల్ని పీకితే ఆమె ఎక్కడ కూర్చుంటుందో లోహిత్‌కి ఊహకి అందలేదు. తన పక్కన మాత్రం కాదని అందింది.

"ఏమండీ, నా మొక్కలకి నల్లి పట్టిందని చెప్పారట?"

"నేను చెప్పలేదు. ఆకు కిటికీలో పెట్టానని చెప్పానంతే."

"అది చెప్పకపోతే నోరు పడిపోయేదా?"

"అడిగారు."

"అడిగితే అన్నీ చెప్పేయడమేనా? కిందటి బిహు పండక్కి నా చీర ధర నేనడిగితే చెప్పారా?"

లోహిత్ కళ్లజోడు పెట్టుకుని మొక్కల్లో దూరాడు. ఆకు తిప్పి, ఆకు తిప్పి చూశాడు. లాబణ్య ఇంకోవైపు నుంచి చూసుకుంటూ వచ్చింది. సాలెపురుగు కనిపించింది, రెండు చీమలు కనిపించాయి. నల్లి ఒక్కటీ లేదు. అదీ కాక, లాబణ్య రోజూ పొద్దున వాటి ఒళ్లు కడుగుతుంది. నల్లికి తడి పడదు.

"మరి మీ ఆకు మీదికి అన్ని ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అంది లాబణ్య.

"అదే చూసొస్తాను," అన్నాడు లోహిత్. అల్మరాలో సీసా అతని కళ్ల ముందు ఆడుతోంది. "ఈలోగా కూలీల సర్దార్ మనుషులు వస్తే?"

"రానివ్వండి. వాళ్లతో నేను మాట్లాడతాను."

ఆ మాట ఆమె చాలా శాంతంగా అంది. లోహిత్ ఇంకొంచెం తీరిగ్గా ఉంటే ఆ శాంతానికి భయపడి ఉండేవాడు.

భోజనాల వేళ. లేబొరేటరీలో ఎవరూ ఉండరనుకుని మెల్లగా తలుపు తోశాడు. నిజరా ఉంది. బల్ల ముందు వంగి, లోహిత్ తెల్లకోటు జేబులోంచి తీసిన వక్కల సంచీ బల్ల మీద దులిపి, పచ్చివక్క ముక్కల్ని చిమటాతో ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది.

"బైదేవ్, ఏం చేస్తున్నారు?"

ఆమె ఉలిక్కిపడింది. "మీరేం చేస్తున్నారు ఖురా?"

లోహిత్ చెయ్యి అప్పటికే అల్మరా గడియ మీద ఉంది.

ఇద్దరూ కాసేపు ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు. ముందు లోహిత్ చెయ్యి తీశాడు. "ఆ సీసాలోవి మీరే ఆకు మీద వేశారేమోనని..."

"నేనా! నేనెందుకు వేస్తాను?"

"కొత్త జాతి అన్నారు కదా. పేరొస్తుందని."

"అందులోవి చచ్చి నానుతున్నాయి ఖురా, నడవలేవు!" ఆమెకి కోపం వచ్చింది, వెంటనే సిగ్గు కూడా వచ్చింది. "నేనేమో మీ సంచీలోంచి రాలాయేమోనని చూస్తున్నా. ఇంటి నుంచి తెచ్చుకుంటారు కదా."

"దొరికాయా?"

"వక్కలు తప్ప ఏం లేవు." ఆమె కుర్చీలో కూలబడింది. "అదలా ఉంచండి. నాకు ఇంకోటి అర్థం కావడంలేదు. ఇప్పుడే ఆ ఆకు తీసి చూశాను. దాని మీద ఒక్కటే ఉంది. మిగతా అరవై రెండూ ఏమయ్యాయి? మీరేమైనా తుడిచేశారా?"

"నిన్న గిన్నె బోర్లించాక నేను ముట్టుకోలేదు."

"నేనూ ముట్టుకోలేదు."

మళ్లీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంక అనుమానించడానికి ఆ గదిలో మూడో మనిషి లేడు.

నిజరా దీపం వేసి, "మీరు కూడా చూడండి" అని జరిగింది. నిన్నంతా ఆ మైక్రోస్కోపు ముందు కూర్చున్న లోహిత్ మొదటిసారి అందులో కళ్లు పెట్టాడు. వెలుగు మధ్యలో ఎర్రనల్లి ఒకటి ఉంది. ఎడమవైపు ముందుకాలు లేదు. దీపం వేడి తగిలిందేమో, చుట్టూ తల తిప్పి, కుంటుకుంటూ, పాపం ప్రాణం దక్కించుకునే హడావుడితో వెలుగులోంచి నీడలోకి వెళ్లిపోయింది.

"వెళ్లిపోయింది బైదేవ్."

"ఎటు?"

"కుడివైపు."

"మర కుడికి ఒక గీత తిప్పండి."

లోహిత్ తిప్పాడు. వెలుగు కూడా కుడికి జరిగింది. అలవాటు కొద్దీ పెదాలు కదిలాయి. రామ, కృష్ణ, నారాయణ, హరి. నామం పూర్తయ్యేసరికి నల్లి మళ్లీ వెలుగు మధ్యలో ఉంది, ఒక్క క్షణం ఆగి చూసి, మళ్లీ కుడివైపు నీడలోకి పరుగు తీసింది.

మళ్లీ తిప్పాడు. నాలుగు నామాలు. మళ్లీ అదే నల్లి.

వరుస చివర కిందికి దిగి ఎడమకి తిప్పాడు. వెలుగు వెనక నుంచి తరుముతుంటే అది కూడా ఎడమకి తిరిగింది.

లోహిత్ మెల్లగా తల ఎత్తాడు. "బైదేవ్, అరవై మూడు కాదు."

నిజరాకి అప్పటికే అర్థమై రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. "అరవై మూడు ముక్కల్లోనూ అదే ఉంది! కంప్యూటరుకేం తెలుసు, ఈనెలు కలిశాయి కదా అని కుట్టేసింది. ఒక ముక్క అంచులో నల్లి ఉండి, పక్క ముక్క తీసేసరికి అది జరిగిపోతే, అక్కడ సగమే మిగిలింది. ఒకదాన్నొకటి తినలేదు ఖురా, దాన్ని మనమే కోశాం!" కళ్లు తుడుచుకుంది. "ఆకు ఈ బల్ల మీదే ఉంది. పొద్దుట్నుంచి నేను గోడ మీది బొమ్మనే పట్టుకు వేలాడుతున్నాను."

లోహిత్‌కి నవ్వు రాలేదు. ఆ కుంటి జీవాన్ని నిన్న పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా, ఆకు ఈ చివర నుంచి ఆ చివరకి, భగవన్నామం చెప్పుకుంటూ మరీ తరిమాడు. అది ఎటు పారిపోయినా ఎదురుగా వెళ్లి ఫోటో తీశాడు. అది కనక మాట్లాడగలిగితే ఎవరి మీద అనుమానపడి ఉండేదో అనుకున్నాడు. అంతలో లాబణ్య మొక్కలు గుర్తొచ్చాయి.

"బైదేవ్, పీకేస్తున్నారు!" అని పరిగెత్తాడు. నిజరా పళ్లెం పట్టుకుని వెనకే పరిగెత్తింది.

ఇంటి వెనక మొక్కలన్నీ ఉన్నాయి. లాబణ్య వాటి మధ్య పీట వేసుకుని కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. సర్దార్ లేడు, మనుషులు లేరు. గునపాల చప్పుడు మాత్రం దూరంగా ఎక్కణ్ణుంచో వినిపిస్తోంది.

"వాళ్లు రాలేదా?"

"వచ్చారు. ఏం పీకమన్నారని అడిగాను. 'స్టాఫు ఇళ్ల దగ్గరున్నవన్నీ' అన్నాడు సర్దార్. మరి మేనేజరు స్టాఫు కాదా అన్నాను. ఆలోచించి, స్టాఫే అన్నాడు." లాబణ్య చేటలోంచి రాయి ఏరి పారేసింది. "మా ఇంటికప్పు కారుతోందని నేను మొరపెట్టుకున్నప్పుడు బొర్‌బాబు ఏమన్నారు? 'ఈ తోటలో ఏ పనైనా ముందు బంగళా, ఆ తర్వాతే మిగతా ఇళ్లు' అన్నారా లేదా? సున్నమైనా అంతే, వంటచెరకైనా అంతే. ఆ వరస తప్పితే నీ ఉద్యోగం పోతుందేమో చూసుకో నాయనా అన్నాను. పాపం, మంచివాడు, నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు."

మేనేజరు బంగళా ముందు బంతుల్లా గుండ్రంగా కత్తిరించిన టీ మొక్కల వరస ఒకటుండేది. మేనేజరు గారి భార్య దాన్ని కన్నబిడ్డలా పెంచింది. ఆవిడ పుట్టింటికి గువాహాటీ వెళ్లింది, మర్నాడే వస్తుంది. లోహిత్, నిజరా రొప్పుతూ చేరేసరికి ఆ వరసలో చివరి మొక్క గోతిలోంచి పైకి లేస్తోంది. అదే సమయానికి ఫ్యాక్టరీ నుంచి బర్కాకతి, ఆయన వెనక గొడుగుతో బొర్‌బాబు వచ్చారు.

"ఎవరు చెప్పారు ఇవి పీకమని?" మేనేజరు గొంతు కీచుమంది.

"బొర్‌బాబు చెప్పారు సార్," అన్నాడు సర్దార్.

"తమరే సార్," అన్నాడు బొర్‌బాబు. "ఒక్కటి కూడా మిగలకూడదన్నారు."

బర్కాకతి అనుమానంగా ఒక్కొక్కరి మొహమూ చూశాడు. అందరూ తన ఆజ్ఞనే పాటించారు. అంతకంటే పెద్ద కుట్ర ఆయనెప్పుడూ చూడలేదు.

నిజరా పళ్లెం చూపించి జరిగిందంతా చెప్పింది. చివరికి, "తప్పు నాది సార్. తెరిచి చూడకుండా పంపించాను. ఈసారి దీన్ని తీసేసి, మళ్లీ తీసి, రేపు పొద్దుటికి కొత్త ఫ్లెక్సు పెట్టిస్తాను. తొమ్మిదో నంబరు మడంతా వెతికించాను కూడా, మడి శుభ్రంగా ఉంది" అంది. ఆ ఆఖరి మాట ఆమె అక్కడికక్కడే అల్లింది గానీ, సాయంత్రంలోపు నిజంగానే మడంతా వెతికి దాన్ని నిజం చేసింది.

బర్కాకతి గోతుల్ని చూశాడు, నల్లిని చూశాడు. ఆయన ఫోను మోగింది. కోలియాని మేనేజరు.

"పొద్దుట్నుంచి మా గుమస్తాలంతా భూతద్దాలు పట్టుకుని మడుల్లోనే ఉన్నారండీ," అన్నాడు అవతలి మనిషి చాలా గంభీరంగా. "ఇప్పటిదాకా అన్నిటికీ ఎనిమిదే. ఇంకా లెక్కపెట్టమంటారా?"

బర్కాకతి ఫోను కట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

పొద్దుగుంకే వేళ లోహిత్ కాళ్లు కడుక్కుని నామ్‌ఘర్‌కి బయల్దేరబోతుంటే వీధి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. చూస్తే మేనేజరు. ఒంటరిగా వచ్చాడు. చేతిలో కంచు పళ్లెం, అందులో తమలపాకులు, పచ్చివక్కలు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చే మనిషి వట్టి చేతులతో రాకూడదు.

"నెయోగ్, పొద్దున తొందరపడ్డాను," అని పళ్లెం ముందు పెట్టాడు. పెట్టాక కూడా కదల్లేదు. "ఇంకోమాట. రేపు మా ఆవిడ వస్తుంది. మీ ఇంట్లో మొక్కలు బాగా ఏపుగా ఉంటాయట. ఒక వరసకి సరిపడా ఇస్తే..."

"ముందు లోపలికి రండి సార్," అంది లాబణ్య లోపల్నుంచి.

పెళ్లై ఆ ఇంట్లో దిగిన దగ్గర్నుంచి ప్రతి బిహుకీ లాబణ్య కొత్త గమోసా కండువా నేసి, నువ్వుల పిఠాలనే పిండివంట చేసి, భర్తని వెంటబెట్టుకుని బంగళాకి వెళ్లి ఇచ్చి వచ్చేది. బిహుకి వచ్చినవాళ్ల ఇంటికి తిరిగి వెళ్లి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటేనే మర్యాద తీరుతుంది. బర్కాకతి ప్రతిసారీ, "వస్తాం, వస్తాం" అనేవాడు. ఆయనకి ముందున్న మేనేజరూ అలాగే అనేవాడు. లాబణ్య ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనలేదు గానీ, తోట తన ఇంటికి ఒక రాక బాకీ ఉందన్న సంగతి మాత్రం మరిచిపోలేదు.

పీట వేసింది. పిఠాలు పెట్టింది. తన ఆకుతో టీ కాచి, అతిథులకని దాచిన కంచు గిన్నెలో పోసి తెచ్చింది. బర్కాకతి పీట మీద కుదురుగా కూర్చుని పిఠా విరిచి నోట్లో వేసుకున్నాడు. లాబణ్య గుమ్మానికి ఆనుకుని తృప్తిగా ఊపిరి వదిలింది. ఎన్నాళ్లనుంచో ఉన్న బాకీ తీరింది.

మేనేజరు గిన్నె పెదాల దాకా తెచ్చి, వాసన చూసి, "ఆహా" అన్నాడు. తాగబోతూ ఆగాడు. గిన్నెని దీపం వైపు వంచాడు.

"నెయోగ్, ఇందులో ఏదో ఎర్రగా తేలుతోంది."

లోహిత్ కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగి, తొందరపడకుండా, స్థిమితంగా చూశాడు.

"ఒక్కటే సార్," అన్నాడు.